పిడికెడంటే ఎన్ని గ్రాములు

మా ప్రాజెక్టు మొదటి పేరు పూర్తిగా చదవాలంటే మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాలె. "సిద్దిపేట ప్రాంతంలోని ఒక గ్రామంలో గృహస్థాయిలో వండిన అన్నం వృథా అవుతున్న పరిమాణంపై గణాంక అధ్యయనం." నేను రాసిచ్చిన పేరు "మిగిలిన అన్నం". గైడ్ సార్ దాన్ని చూసి "ఇది హోటల్ బోర్డు లెక్కుంది" అన్నడు. ఇగ దానికి ప్యాంటు, షర్టు, బెల్టు అన్నీ తొడిగి యూనివర్సిటీకి పంపినం.

నాలుగేండ్ల కింది మాట. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, ఆఖరి సెమిస్టర్. ఇద్దరిద్దరు కలిసి ఒక ప్రాజెక్టు చెయ్యాలె, మార్కులు ఇద్దరికీ ఒకటే. ఈ పద్ధతి కనిపెట్టిన మనిషికి నాలాంటి వాళ్ళంటే చాలా ప్రేమ ఉండి ఉంటది. నేను క్లాసులో అందరికంటే కష్టపడే పిల్లను వెతుక్కొని, ఆమె బెంచీ మీద పోయి కూర్చొని, "మనిద్దరం జోడీ" అన్న.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నీకు ఏమొస్తది?"

"మాట్లాడొస్తది."

"సరే, అదొక్కటి నాకు రాదు" అని ఫారం మీద నా పేరు రాసింది.

ఆమెది హుస్నాబాద్ దిక్కు. నాయిన ఆటో నడుపుతడు. ఈమె సిద్దిపేటలో హాస్టల్లో ఉండి చదువుతున్నది. ఇంట్లో ఒక ఒప్పందం ఉండె. దాన్ని ఆమె నాకు మొదటి రోజే, బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది. అక్కకు రెండేండ్లు, ఆ తర్వాత అదే హాస్టల్లో చెల్లెకు. ఇద్దరిని ఒకేసారి బయట పెట్టి చదివించుడు ఒక్క ఆటోతోని అయ్యే పని కాదు. చెల్లె డిగ్రీ అయిపోయి, అక్క వంతు ఎప్పుడు అయిపోతదా అని చూసుకుంట అప్పటికే ఏడాది నుంచి ఇంట్లో ఉన్నది.

"ప్రాజెక్టు పోయిందనుకో, ఇంకో ఆర్నెల్లు నేనుండాలె. నేనుంటే ఈ ఏడు సీటు వదులుకొని అది ఆగాలె. ఇంకో ఏడాది ఆగినంక అది చదువుతదా? చదువది. నీకు పోతే ఏమైతది?"

"మా అమ్మ తిడతది."

"అంతేనా?"

"మా అమ్మ తిట్టంగ నువ్వు వినలే."

ఆమె నవ్వలేదు. ఈ పిల్లను నవ్వించే పని ప్రాజెక్టు కంటే కష్టమని అప్పుడే అర్థమైంది. ఇంకో విషయం కూడా అర్థమైంది గానీ, అది బయటికి అనలేదు. నేను ఆడుకుంట చేసే పని మీద, నేను ఎన్నడూ చూడని ఒక పిల్ల చదువు ఆధారపడి ఉన్నది. నాకు ఇసొంటివి ఒంటికి పడవు.

కొండపాక దిక్కు ఒక ఊరు ఎంచుకున్నం. సిద్దిపేట నుంచి పొద్దున్నే ఆటో ఉంటది, అదొక్కటే కారణం. రిపోర్టులో మాత్రం "అధ్యయన ప్రాంత ఎంపికకు హేతువులు" అని ఒకటిన్నర పేజీ రాసినం.

మొదట ఐదిండ్లలో అడిగి చూసినం. ఐదింటిలో మొదటిది ఒక అవ్వది. డెబ్బై ఏండ్లు ఉంటయి. ఇంట్లో కొడుకు, కోడలు, ఇద్దరు మనుమరాండ్లు ఉన్నా అన్నం మాత్రం ఆమెనే వండుతది. ఎందుకంటే కోడలు వండితే "మెతుకు మెతుకు పంచాయితి పెట్టుకున్నట్టు ఉంటది" అట. కోడలు పక్కనే ఉండి తల ఊపింది. వంట తప్పినందుకు ఆమెకేం బాధ లేదని ఆ ఊపుడులోనే తెలిసింది.

నేను ఫారం తీసి అడిగిన. "అవ్వా, మీ ఇంట్ల రోజుకు ఎంత అన్నం వృథా అయితది?"

"వృథా అంటే?"

"పడేసేది."

"అన్నం పడేస్తమా? ఏం మాటలు బిడ్డా అవి, పొద్దుగాల పొద్దుగాల."

"మరి మిగిలింది ఏం జేస్తరు?"

"కుడితిల పోస్తం. బర్రె తాగుతది."

"అదే అవ్వా, అదే వృథా..."

"బర్రె తినేది వృథానా? దాని పాలు నువ్వు తాగవా?"

నాకు మాట్లాడొస్తది అని చెప్పుకున్న కదా. మొదటి ఇంట్లోనే ఆ పని అయిపోయింది. ఐదిండ్లు తిరిగినం, ఐదు సున్నలు వచ్చినయ్. సార్ ఆ కాగితం చూసి, "సున్నలకు సగటు తీయొచ్చమ్మా, దానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు" అన్నడు. వృథా అన్న మాట తీసేసినం. ఎవ్వలను ఏమీ అడుగొద్దు, పొద్దున పోయి మిగిలిన అన్నాన్ని తూయాలె, అంతే. నలబై ఇండ్లు, ఒక్కో ఇంటికి మూడు పొద్దులు. ఇది సార్ వేసిన ప్లాను. "ఇంకో మాట. మళ్ళ ఎప్పుడొస్తరో ఇంటోల్లకు చెప్పొద్దు. చెప్పినరంటే అంతా పోయినట్టే" అన్నడు. నా జోడీ అది నోటుబుక్కులో రాసి కింద రెండు గీతలు గీసింది. నేను తల ఊపిన. తల ఊపుడు నాకు ఎప్పుడూ మంచిగనే వస్తది.

నలబై ఇండ్లను చిట్టీలేసి తీసినం. పంచాయతీ ఆఫీసు ముందర, నలుగురి ఎదురుంగ, స్టీలు గిన్నెలో చిట్టీలు కలిపి నేనే తీసిన. పుస్తకంలో దీన్ని యాదృచ్ఛిక ఎంపిక అంటరు, ప్రతి ఇంటికీ సమాన అవకాశం అంటరు. ఊర్లో దీన్ని ఏమంటరో తెల్లారి తెలిసింది. చిట్టీలో రాని ఇంటామె ఒకామె అరుగు మీద నిలబడి మమ్ముల ఆపింది.

"ఏమ్మా, అటు పక్కింట్ల తూసిన్రట, ఇటు పక్కింట్ల తూసిన్రట. నడుమ మా ఇల్లు కనపడలేదా?"

"లాటరీల రాలేదక్కా."

"మా అన్నం అన్నం గాదా?"

"అట్ల గాదక్కా, చిట్టీ..."

"ఎవ్వలు తీసిన్రు చిట్టీ?"

"నేనే."

"నీ చెయ్యి మంచిది గాదు పో."

నా జోడీ ఈ మాటలు కూడా 'గమనికలు' అన్న గడిలో రాసుకుంటున్నది. ఆమె పెన్ను లాక్కొని ఇవతలికి తీసుకొచ్చిన.

కాంటా సిద్దిపేట బజార్లో కొన్నం. పైన గులాబి రంగు పళ్ళెం, ఐదు కిలోల దాకా తూస్తది. మా స్టీలు గిన్నె దాని మీద పెడితే అంకెలు గిన్నె కింద దాసుకుంటయి. కనపడాలంటే నేల మీద చెంప ఆనించి చూడాలె. మాటలు నావి, లెక్కలు ఆమెవి అని ముందే పంచుకున్నం గానీ చెంప సంగతి మాట్లాడుకోలేదు. అది నాకు పడ్డది.

అవ్వ ఇల్లు చిట్టీలో కూడా వచ్చింది. అసలు తూసుడు అక్కడే మొదలు పెట్టినం. అవ్వ రాత్రి మిగిలిన సద్దన్నం మా గిన్నెలోకి వంచింది. నేను నేల మీద పడి అంకె చదివిన, నా జోడీ రాసుకున్నది. అంతా శాస్త్రం ప్రకారం జరిగింది. లేవబోతుంటే అవ్వ రెండు పళ్ళేలు తెచ్చి ముందర పెట్టింది.

"తినుండ్రి."

"వద్దవ్వా, తినొచ్చినం."

"తినొచ్చిన్రో తినకొచ్చిన్రో నాకెందుకు? అన్నం తూసి ఊకె పోతరా? ఇంటికి మంచిది గాదు. తూసినోల్లు ఓ బుక్క తినాలె."

ఈ ఆచారం అంతకుముందు ఆ ఊర్లో ఉన్నదో లేదో నాకు తెల్వదు. అన్నం తూయడానికని ఎవ్వలూ వచ్చి ఉండరు కాబట్టి దాంతో అవసరం పడి ఉండదు. కానీ ఎండ ఎక్కేవరకు అది ఊరంతటికీ తాతల నాటి ఆచారం అయి కూర్చున్నది. ప్రతి ఇంట్లో అదే మాట, తూసినోల్లు తినాలె. ఒక ఇంట్లో మామిడికాయ తొక్కు, ఒక ఇంట్లో చల్ల, ఇంకో ఇంట్లో పచ్చి ఉల్లిగడ్డ. ఒకామె సద్దన్నం మీద పోపు పెట్టి, నిమ్మకాయ పిండి, చుట్టాలకు పెట్టినట్టు పెట్టింది. పొద్దుకు పది ఇండ్లు. పది బుక్కలు అనుకుంటరేమో. ఆ ఊర్లో బుక్క అంటే గరిటె.

నా జోడీ తినలేదు. పని చేసేటప్పుడు తింటే లెక్క తప్పుతదని ఆమె భయం. అందుకని ఒక్కపొద్దు అని చెప్పింది. సోమవారం శివునికి. మంగళవారం హనుమంతునికి. ఊరోల్లు ఆమెను చూసే చూపే మారింది. బుధారం నాడు ఒక పెద్దమ్మ పట్టుకున్నది.

"బుధారం ఏ దేవునికి బిడ్డా ఒక్కపొద్దు?"

నా జోడీకి అబద్ధం ఒకటి కంటే ఎక్కువ రాదు. నన్ను చూసింది. నేను నోట్లో బుక్క పెట్టుకొని ఉన్న. మింగి, "ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు పెద్దమ్మా" అన్న. ఆ పెద్దమ్మ రెండు చేతులు జోడించి పైకి దండం పెట్టింది. మేము ఇంటి బయటికి వచ్చినంక నా జోడీ గోడకు ఆనుకొని నవ్వింది. మొదటిసారి. ఎంతసేపు నవ్విందంటే, తర్వాతి ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా పోయినం. ఆ ఆలస్యం కూడా రాసుకున్నది.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చెప్తా. తిన్నందుకు ఏం తప్పు కాలేదు. తూసినంకనే కదా తిన్నది. తప్పు తిన్నంక జరిగింది.

ఎవ్వల ఇంట్లోనన్న తిని లేస్తే మనం ఏమంటం? పోతున్న అనం. అట్లంటే మా అమ్మ చెంప పగలగొడ్తది. "పోయొస్త" అనాలె. నేను చేతులు కడుక్కొని ప్రతి ఇంట్లో, "పోయొస్తనవ్వా", "పోయొస్త పెద్దమ్మా", "పోయొస్తనక్కా" అన్న. పోయొస్త అన్న మనిషిని ఇంటోల్లు ఏమడుగుతరు? "మల్లెప్పుడొస్తవ్ బిడ్డా?" అని అడుగుతరు. తొక్కు పెట్టి, చల్ల పోసి, కడుపునిండ తినబెట్టిన మనిషి వాకిట్లోకి వచ్చి అట్ల అడిగితే, "అది శాస్త్రీయ కారణాల వల్ల చెప్పలేను" అని అనాల్నా? నేను ప్రతి ఇంట్లో చెప్పిన. "శుక్రారం వస్తనవ్వా." "ఐతారం పెద్దమ్మా, తప్పకుండ." నా జోడీ అప్పటికే కాంటా సంచిలో పెట్టుకొని తర్వాతి ఇంటి వైపు నడుస్తుండేది. ఆమెకు వినపడలేదు. నాకు తప్పు చేస్తున్న అనే సోయే లేకుండె. మర్యాద చేస్తున్న అనుకున్న.

పన్నెండు పొద్దులు అట్ల తిరిగినం. నా బరువు సంగతి ఆ కాంటా తోని తేలదు గానీ, చుడీదార్ నాడా చెప్పింది.

కాలేజీ ల్యాబులో నా జోడీ లెక్కలన్నీ కంప్యూటర్లో ఎక్కించింది. నేను పక్కన కూర్చొని అంకెలు చదివిన. మూడు విడతల సగటులు తీసి పక్కపక్కన గీసింది. మొదటి విడత కంటే రెండోది ఎత్తు. రెండోదాని కంటే మూడోది ఎత్తు.

"మెట్లు మంచిగొచ్చినయ్" అన్న.

ఆమె మౌస్ ముందుకు గుంజుకున్నది. ఒక్కో ఇల్లు తీసి చూసింది. నలబై ఇండ్లలో నాలుగైదు తప్ప అన్నీ అట్లనే ఎక్కుతున్నయ్. ఊరంతా కలిసి రోజురోజుకు ఎక్కువ అన్నం ఎందుకు మిగిల్చింది? కుర్చీ తిప్పి నా దిక్కు తిరిగింది.

"నువ్వేమన్న చెప్పినవా?"

"ఏం చెప్పిన?"

"మల్లెప్పుడొస్తమో."

నాకు ఆ క్షణంలో శుక్రారాలు, ఐతారాలు అన్నీ ఒకటెనక ఒకటి గుర్తొచ్చినయ్. "పోయొస్త అన్న" అన్న. "అడిగిన్రు. చెప్పిన."

"ఎన్ని ఇండ్లల్ల?"

"తిన్న ఇండ్లల్ల."

తిన్న ఇండ్లు నలబై. మేమొస్తమని వాళ్ళు మా కోసం వండిన్రు. మేము పోయి, మా కోసం వండిన అన్నాన్ని తూసి, ఆ ఊర్లో అన్నం ఎంత మిగులుతదో కనిపెట్టినం అనుకున్నం. మేము పోకపోతే అది మిగిలేదే కాదు.

నా జోడీ తిట్టి ఉంటే బాగుండు. మా ఇంట్లో అట్లనే అలవాటు. ఆమె కంప్యూటర్ బంద్ చేసి, కాగితాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, "చెల్లె కొత్త చెప్పులు కొనుక్కున్నది. కాలేజీకని" అన్నది. అంతే. నేను అప్పుడు ఒక జోకు వెతికిన. చాలాసేపు వెతికిన. దొరకలేదు.

దొరకకపోయేసరికి, దానికంటే అధ్వానమైన పని చేసిన. "ఇంకా పదిహేను రోజులున్నయ్. రెండో విడత, మూడో విడత అంకెలు కొంచెం కిందికి దించుదాం. ఎవ్వలకు తెలుస్తది? నేను రాస్తా, నువ్వు చూడకు" అన్న.

ఆమె సంచి భుజానికి వేసుకుంట అన్నది, "నేనైతే వాళ్ళ అన్నం తినలే. నువ్వు తిన్నవ్. తిని, అబద్ధం రాస్తవా?"

సార్ దగ్గరికి పోయినం. నేనే చెప్పిన, ఆమె కంటే ముందు, మొత్తం. సార్ గ్రాఫు చూసి, చాయ్ తాగి, మళ్ళ గ్రాఫు చూసిండు. పెద్ద గండం వచ్చినప్పుడు మనుషులు ఏదో గొప్ప మాట అంటరని అనుకుంటం. ఆయన "ఈ చాయ్‌ల చక్కెర వెయ్యలేదా?" అన్నడు. ఆ తర్వాత, "గడువు పెంచుడు నా చేతుల లేదు. మీ కోసమే ఎక్కువ వండిన్రని మీరు అనుకుంటున్నరు. అనుకున్నది రాయొద్దు. పోయి అడుగుండ్రి" అన్నడు.

తెల్లారి అవ్వ ఇంటికి పోయినం. అది మా వంతు కాని రోజు. అవ్వ మమ్ముల చూసి భయపడ్డది.

"అయ్యో, ఇయ్యాల వస్తమని చెప్పలేదు కదనే! ఏం లేదు ఇంట్ల!"

"తినడానికి రాలేదవ్వా, అడగడానికొచ్చినం" అన్నది నా జోడీ. ఆ ఊర్లో ఆమె తనంతట తాను మాట్లాడిన మొదటి ముచ్చట అదే. "మేమొచ్చే రోజు అన్నం ఎక్కువ వండినవా?"

"మల్ల? ఈ పోరి వస్తనన్నది. వండకపోతే ఎట్ల?"

"ఎంత ఎక్కువ?"

"ఎంతేంది, ఓ పిడికెడు."

"పిడికెడంటే ఎంత?"

అవ్వ ఆమెను జాలిగా చూసింది. ఇంత చదివి పిడికెడు తెల్వని పిల్ల. లేచి బియ్యం డ్రమ్ము మూత తీసి, చెయ్యి లోపల పెట్టి, పిడికెడు తీసి చూపించింది. "గింత."

నా జోడీ ఏం ఆలోచించిందో నాకు తెల్వదు. సంచిలోంచి కాంటా తీసి, గులాబి పళ్ళెం అవ్వ పిడికిలి కిందికి జరిపింది. నేను ఇగ అయిపోయింది, ఇప్పుడు బియ్యం తూసినందుకు పచ్చి బియ్యం తినాలె అనుకున్న. అవ్వ మామూలుగా పళ్ళెంలో పోసింది.

"బియ్యం తూయొచ్చా అవ్వా?"

"బియ్యం తూస్తరు బిడ్డా. కంట్రోల్ దుకాణంల తూసే ఇస్తరు కదా. అన్నం తూస్తరా ఎవ్వలన్న?" అని, కాంటా దిక్కు వంగి, "ఎంతున్నది?" అని అడిగింది. ఇన్ని రోజులల్ల ఆమె అంకె అడుగుడు అదే మొదలు.

నా జోడీ ఇంకో పిడికెడు పొయ్యమన్నది. మళ్ళ ఇంకోటి. మూడు సార్లు తూసింది. మూడు అంకెలు దాదాపు ఒకటే. రెండు గ్రాములు అటు, రెండు గ్రాములు ఇటు. యాబై ఏండ్ల నుంచి అదే చెయ్యి అదే డ్రమ్ములోకి పోతున్నది, తప్పుమంటే మాత్రం ఎట్ల తప్పుతది?

"మేమొచ్చే రోజు ఒక పిడికెడు. మేము రాని రోజు?"

"రాని రోజు గూడ ఒకటి ఏస్త."

"ఎవ్వల కోసం?"

అవ్వ ఆలోచించింది. నిజంగనే ఆలోచించింది, అంతకుముందు ఎవ్వలూ అడగనట్టున్నరు. "ఎవ్వలనుకొని ఏస్తం? పొయ్యి మీద పెట్టినంక ఎవ్వలన్న వస్తే లేదనొద్దని. తూసిన మొదటి రోజు ఈ పోరి రాలేదా, చెప్పకుంట? ఆ రోజు ఇది తిన్నది ఆ పిడికెడే."

కోడలు లోపలి నుంచి అన్నది, "నన్ను గూడ తూయుండ్రి." ఆమె పిడికెడు అవ్వదాంట్లో ముప్పావు వంతు వచ్చింది. అవ్వ కాంటా మీదికి వంగి అంకె చూసింది. కోడలు దిక్కు తిరిగి, "అందుకే" అన్నది.

బయటికి వచ్చి నా జోడీ వాకిట్లోనే నిలబడ్డది. ఆమె మొఖం అట్లుంటే నేను అంతకుముందు చూడలేదు. "అర్థమైందా?" అన్నది. "ఒక్క ఇంట్ల మూడు సార్లు తూస్తే తేడా రాలే. ఇంటింటికి తూస్తే తేడా వస్తది. మిగిలింది తూసుడు వద్దు, ఇంటింటికి ఈ పిడికెడే తూద్దాం. చెప్పకుంట పోయినా, చెప్పి పోయినా పిడికెడు పిడికెడే, మనం పోయినమని అది మారది. నువ్వు ఎంత మర్యాద చేసినా దాన్ని ఖరాబు చెయ్యలేవు."

మెచ్చుకున్నదో తిట్టిందో తెల్వలేదు గానీ, తీసుకున్న.

నలబై ఇండ్లు మళ్ళ తిరిగినం, ఐదు పొద్దులు. ఈసారి ఎక్కడా గొడవ లేదు. మొదట ఐదిండ్లల్ల మేము ప్రశ్న అడిగినప్పుడు పక్కింటామె జవాబు చెప్పేది, ఎదురింటామె దాన్ని సరిదిద్దేది, ఆఖరికి ముగ్గురి ఫారాలల్ల ఒకటే జవాబు ఉండేది. పిడికెడు అట్ల కాదు. ఎవ్వల చెయ్యి వాళ్ళదే, పక్కింటామెను అడిగి వేసుకునేది కాదు. ఒకామెది సన్న చెయ్యి, ఒకామె నిండ పట్టుకొని ఇంకా నాలుగు గింజలు బొటనవేలుతోని ఎత్తుకుంటది. ఒకింట్లో మగాయన వండుతడట. భార్య నడుం విరిగిన సంది ఆయనే. ఆయన పిడికెడు చూసి ఆమె మంచం మీది నుంచి, "గంతెందుకేస్తవ్, ఊరంత వస్తదా?" అన్నది. "నీ చెయ్యి చూసే నేర్సుకున్న గదా" అన్నడాయన. నా జోడీ గమనికల గడిలో ఏదో రాసి, మళ్ళ కొట్టేసింది.

రోజూ ఒక పిడికెడు ఎక్కువ వేస్తరా అని అడిగితే, వెయ్యం అన్నోళ్ళు కూడా ఉన్నరు. వాళ్ళను కూడా అట్లనే రాసుకున్నం. సగటు ఎంతొచ్చిందో మాత్రం ఇక్కడ చెప్పను. చెప్పితే ఆ ఊర్లో సగటు కంటే తక్కువ వచ్చినోళ్ళు ఎవరని పంచాయితి మొదలైతది, మళ్ళ నా చెయ్యి మంచిది కాదంటరు.

ఆఖరి రోజు పని అయిపోయినంక అవ్వ ఇంటికి పోయినం. నా జోడీ కాంటా సంచిలో పెట్టి, పీట మీద కూర్చొని, "అవ్వా, ఆకలైతుంది" అన్నది. అవ్వ పళ్ళెం పెట్టుకుంట, "ఇయ్యాల ఒక్కపొద్దు లేదా?" అన్నది. "అయిపోయినయవ్వా" అన్నది ఈమె. రెండుసార్లు పెట్టించుకున్నది. నేను తూసుడు మానేసిన గానీ, నా అంచనా ప్రకారం నాకంటే ఎక్కువనే తిన్నది.

వైవా నాడు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేరే ఊరి నుంచి వచ్చిండు. సన్నగా, ఇస్త్రీ మడత కూడా చెదరకుండా ఉండె. మా రిపోర్టు మొదటి పేజీ తెరిచి, రిజిస్టర్ చేసిన పేరు కాగితం పక్కన పెట్టుకొని, "ఇది అది కాదే" అన్నడు. నా జోడీ లేచి నిలబడ్డది. మాట్లాడుడు నా పని కదా, నేను నోరు తెరిచిన. ఆమె నా మోచెయ్యి పట్టుకొని కిందికి నొక్కింది.

మొదట మెట్ల గ్రాఫు చూపించింది. "ఇది మా తప్పు సార్" అన్నది. మా తప్పు. ఎందుకు పెరిగిందో చెప్పింది, ఎట్ల తెలుసుకున్నమో చెప్పింది, ఆ తర్వాత ఏం కొలిచినమో చెప్పింది. ఎక్కడా తడబడలేదు. నాకే ఆగలేదు, "తిన్నదీ, చెప్పిందీ నేనే సార్" అన్న. ఎగ్జామినర్ నన్ను చూసి, "అది కనపడుతున్నది" అన్నడు. నాడా సంగతి ఆయనకెట్ల తెలుసో.

"నలబై ఇండ్ల పిడికెళ్ళు చూసి జిల్లా మొత్తానికి చెప్పగలరా?" అని అడిగిండు.

"చెప్పలేం సార్. ఆ ఊరికే చెప్పగలం. పక్క ఊరికి పోతే మళ్ళ తూయాలె."

ఆయన చాలాసేపు పేజీలు తిప్పిండు. ఒక పట్టిక మీద వేలు పెట్టి ఆగిండు. "మా ఇంట్లో బియ్యం గ్లాసుతోని పోస్తరు" అన్నడు, ఎవ్వలతోనో కాదు, ఊకెనే. "పోసినంక మా ఇంటామె మళ్ళ డబ్బాల చెయ్యి పెట్టి ఇంకింత తీసి ఏస్తది. నేను ఎన్నడూ అడగలే." జేబులోంచి పెన్ను తీసిండు. అది రాయలేదు. మా సార్ తన పెన్ను ఇచ్చిండు. ముగ్గురి జీవితాలు ఆగిన చోట ఒక పెన్ను రాకపోవుడు ఎంత మామూలు విషయమో చెప్తున్న, ఇంకేం లేదు. సంతకం పెట్టిండు.

బయట బండ్లు పెట్టే షెడ్డు నీడలో ఒకాయన నిలబడి ఉన్నడు. ఖాకీ చొక్కా, చేతుల నైలాన్ తాడు చుట్ట. పాసైనా, ఫెయిలైనా ఆ రోజు హాస్టల్ ఖాళీ చెయ్యాలె కాబట్టి ట్రంకు కట్టడానికి తెచ్చుకున్నడు. ఆమె నాయిన అని తాడు చూసే గుర్తుపట్టిన. ఆమె లోపల సార్లకు కాగితాలు అప్పజెప్తున్నది.

"ఏమైంది బిడ్డా?"

"అయిపోయింది కాకా. పాస్."

"మల్ల ఆర్నెల్లకు వచ్చుడు ఏం లేదు కదా?"

"లేదు కాకా."

ఆయన తాడు నాకిచ్చిండు. పట్టుకున్న. ఫోన్ తీసి, నంబరు వెతికి, దూరం జరగకుండనే మాట్లాడిండు. "ఆఁ, అయిందట. నీ బట్టలు సదురుకో." అంతే. అవతల ఏదో చాలా మాట్లాడుతున్నరు, ఆయన ఆఁ, ఆఁ అంటుండు. ఫోన్ పెట్టేసి, కండ్లు తుడుచుకుంటడేమో అని చూసిన. ఆయన నా చేతుల తాడు తీసుకొని, గట్టిగ ఉన్నదా లేదా అని రెండు చేతుల మధ్య గుంజి చూసుకుంటున్నడు.

నా జోడీ వచ్చింది. "చెల్లెకు చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"హాస్టల్ల నీ మంచం కిటికీ పక్కకేనా అని అడిగింది."

"కిటికీ పక్కకే" అన్నది ఆమె. సంచి భుజం మార్చుకొని, రెండడుగులు నడిచి, ఆగింది. "ఫ్యాన్ తిరగది, అది గూడ చెప్పు."